పది ఫొటోలా, మూడు వందల పేర్లా? మా ఉన్నత పాఠశాల సంవత్సరాంత సంచికకు సలహా కావాలి

ప్రశ్న: తెలుగు పండితురాలు, అంబర్‌పేట

నమస్కారం. నేను హైదరాబాదులో అంబర్‌పేట వైపున్న ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. ఆరు నుంచి పది వరకు తరగతులు, మూడు వందలకు పైగా పిల్లలు, ఉర్దూ మాధ్యమం సెక్షన్లు కూడా అదే ఆవరణలో ఉన్న బడి మాది. ఏటా ఏప్రిల్‌లో చివరి పనిదినాన ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చేటప్పుడు, ఆ సంవత్సరం బడిలో జరిగిన విశేషాలనూ పిల్లలు సాధించిన విజయాలనూ నాలుగు పేజీలలో అచ్చువేసి తల్లిదండ్రులకు అందజేస్తాం. రెండేళ్ళుగా ఆ సంచిక కూర్పు బాధ్యత నాది.

ఈసారి పని మొదలుపెట్టే ముందు ఒక సందేహం నన్ను వదలడం లేదు. గతసారి మొదటి పేజీ నిండా పదో తరగతిలో అత్యధిక జీపీఏ తెచ్చుకున్న పదిమంది ఫొటోలు వేశాను. పదో తరగతి ఫలితాలు బడి మూసిన తరువాత గానీ రావు కనుక, ఆ పదిమందీ నిజానికి అంతకు ముందు సంవత్సరం పిల్లలు; సంచిక బయటికి వచ్చేసరికి వాళ్ళు ఇంటర్ మొదటి సంవత్సరం కూడా పూర్తి చేశారు. రెండో పేజీలో ఆటల పోటీల విజేతలు, మూడో పేజీలో వార్షికోత్సవ అతిథుల ప్రసంగాలు, నాలుగో పేజీలో దాతలకు కృతజ్ఞతలు వేశాం. సంచిక నిండుగా ఉంది, చూసినవారంతా బాగుందనే అన్నారు.

ఆ రోజు తొమ్మిదో తరగతి గదిలో సంచికలు పంచాక, ఒక అమ్మాయి తన కాపీని అటూ ఇటూ తిప్పి రెండుసార్లు చూసింది. ఒక్కో పేజీ మీద వేలు పెట్టి పై నుంచి కిందికి వెతికింది. తరువాత నాలుగు మడతలు పెట్టి లెక్కల పుస్తకంలో దాచుకుంటూ, "మేడమ్, ఇందులో మా తరగతి లేదా?" అని అడిగింది. ఆమె తండ్రి ఒడిశా నుంచి వచ్చి భవన నిర్మాణ పనులు చేస్తున్నారు. ఆరో తరగతిలో చేరినప్పుడు ఆ అమ్మాయికి తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. తొమ్మిదికి వచ్చాక, నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలలో ఒక ఉదయం, ప్రార్థన సమావేశంలో మైకు ముందు నిలబడి మూడు పేజీల కథను తెలుగులో చదివింది. ఎత్వానికీ ఏత్వానికీ తేడా ఆమెకు మొదటి నుంచీ కష్టం. అలాంటి మాట వచ్చినచోటల్లా అర క్షణం ఆగి, సరిచూసుకుని, సరిగ్గా పలికింది. నేను పక్కనే నిలబడి విన్నాను. కానీ అది పోటీ కాదు, దానికి బహుమతి లేదు, ధ్రువపత్రం లేదు. అందువల్ల సంచికకు సమాచారం సేకరించినప్పుడు ఆ సంగతి ఏ కాగితంలోనూ కనబడలేదు, నాకూ గుర్తు రాలేదు. ఆ మరుపు నన్ను ఈ సంవత్సరమంతా బాధించింది.

మా ప్రధానోపాధ్యాయురాలు ఈసారి మొదటి పేజీని ఫ్లెక్సీగా కూడా చేయించి గేటుకు కట్టిద్దామంటున్నారు. వారి ఉద్దేశం మంచిదే. మెట్రో స్తంభాల మీద ప్రైవేటు బడుల ర్యాంకుల ప్రకటనలు చూసి మా బస్తీలోని తల్లిదండ్రులు అప్పుచేసైనా పిల్లలను అక్కడికి పంపుతున్నారు. మన పిల్లలు ఎవరికీ తీసిపోరని చూపించాలన్నది వారి తపన. ఇంతకీ సంవత్సరాంత సంచికలో విజయం అని దేన్ని లెక్కించాలి? ఫలితాలు రాకముందే అచ్చువేయవలసిన సంచికలో పదో తరగతి గురించి ఏమి రాయాలి? ఇలాంటి పని చేసినవారు అనుభవంతో చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.


జవాబు: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, నల్లకుంట

అమ్మా, ముప్ఫై ఏళ్ళకు పైగా బడులలో గడిపినవాణ్ణి కనుక మీ ప్రశ్న చదువుతుంటే నేను చేసిన పొరపాట్లే కళ్ళ ముందుకు వచ్చాయి. విజయం అంటే ఏమిటన్న చర్చను పక్కనపెట్టి, ముందుగా వార్త రాసే తీరును మార్చి చూడండి. మీ సందేహంలో సగం అక్కడే తీరుతుంది.

పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ అవార్డు వస్తే మనం సాధారణంగా ఏమని రాస్తాం? "ఇన్‌స్పైర్ అవార్డుకు ఎంపికైన ఎనిమిదో తరగతి విద్యార్థినికి అభినందనలు" అని రాసి పక్కన ఫొటో వేస్తాం. ఆ వాక్యంలో అవార్డు ఉంది, అభినందన ఉంది, పిల్ల చేసిన పని మాత్రం లేదు. మా బడిలో అలా ఎంపికైన ఒక అమ్మాయి తల్లి తెల్లవారుజామునే గుడిమల్కాపూర్ మార్కెట్టుకు వెళ్ళి పూలు తెచ్చి గుడి ముందు అమ్మేది. ఎండాకాలంలో మధ్యాహ్నానికే మల్లెలు వడలిపోయి, మిగిలినవాటిని సగం ధరకు ఇచ్చేయవలసి వచ్చేది. ఈ పిల్ల పెద్ద మట్టికుండలో చిన్న కుండను పెట్టి, రెంటి మధ్య ఇసుక పోసి తడిపి, చిన్న కుండలో పూలు ఉంచి పైన తడిగుడ్డ కప్పింది. నీరు ఆవిరయ్యేటప్పుడు లోపలి వేడిని తీసుకుపోతుందన్న పాఠం తరగతిలో అందరూ చదివారు, ఈమె దాన్ని తల్లి బుట్ట దగ్గరికి తీసుకుపోయింది. రెండు గంటలకొకసారి థర్మామీటరు పెట్టి నోట్‌బుక్కులో రాసుకుంది. ఈ సంగతంతా ఆరు వాక్యాలలో వేశాం. సంచిక అందిన వారంలోపే ఆ బస్తీ నుంచి ఇద్దరు పూలమ్మే తల్లులు కుండ ఎలా పెట్టాలో అడగడానికి బడికి వచ్చారు. ఫొటో ఒక్కటే వేసి ఉంటే వాళ్ళు వచ్చేవారు కారు.

పిల్ల ఏమి చేసింది, ఎక్కడ ఇబ్బంది పడింది, ఎవరు తోడున్నారు అన్న మూడు సంగతులతో వార్త రాయడం మొదలుపెడితే, ధ్రువపత్రం ఉన్న పనికీ లేని పనికీ మధ్య గీత దానంతట అదే చెరిగిపోతుంది. మీ ఒడిశా అమ్మాయి కథ చదవడం అటువంటి వార్తే. దాన్ని మీరు ఇక్కడ రాసిన మాటలతోనే, ఎత్వం ఏత్వం సంగతితో సహా, అలాగే అచ్చువేయవచ్చు.

గుర్తు రాకపోవడం మీ తప్పు కాదు, బడిలో దాన్ని రాసిపెట్టే పుస్తకం లేకపోవడం తప్పు. హాజరుకు రిజిస్టరు ఉంది, మధ్యాహ్న భోజనానికి ఉంది, ఫార్మేటివ్, సమ్మేటివ్ మార్కులకు ఉంది. జరిగిన మంచిని రాసే రిజిస్టరు మాత్రం ఉండదు. నేను పనిచేసిన చివరి బడిలో ప్రతి తరగతికి ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్కు ఇచ్చి, శనివారం ఆఖరి పీరియడులో తరగతి నాయకులతో ఆ వారం సంగతులు రెండు మూడు వాక్యాలు రాయించేవాణ్ణి. మొదటి రెండు నెలలు "అందరూ బాగా చదివారు" అనే రాశారు. దసరా సెలవులు దాటాక అసలు సంగతులు రావడం మొదలైంది: ఎవరు కుళాయి మరమ్మతు చేశారు, ఎవరు జ్వరంతో మానేసిన స్నేహితుడికి నోట్సు రాసిపెట్టారు, ఎవరు తొలిసారి చేయెత్తి ప్రశ్న అడిగారు. ఏప్రిల్ నాటికి నాకు పది సంచికలకు సరిపడా సమాచారం ఉండేది. మీకు ఈ ఏడాది ఆ పుస్తకాలు లేవు కనుక, ఒక పీరియడు కేటాయించి ప్రతి పిల్లవాడినీ తన గురించి కాకుండా పక్కవారి గురించి ఒక సంగతి రాయమనండి. తమ గొప్ప చెప్పుకోవడానికి మన పిల్లలు సిగ్గుపడతారు, స్నేహితుల గురించి మాత్రం సంతోషంగా రాస్తారు.

పదో తరగతి ఫలితాలను ఈ సంచికలో ఇరికించాలని చూడకండి. 2023లో ఫలితాలు మే 10న వచ్చాయి, 2024లోనూ 2025లోనూ ఏప్రిల్ 30న వచ్చాయి. ఆ రెండేళ్ళూ బడులకు చివరి పనిదినం ఏప్రిల్ 23. అంటే బడి మూసిన వారం తరువాత. కాబట్టి ఏప్రిల్ సంచికలో ఈ బ్యాచ్ చదివిన తీరు రాయండి, ఫలితాలకు జూన్‌లో ఒక్క కాగితం అనుబంధంగా వేయండి. ఆ అనుబంధంలో ఉత్తీర్ణులైనవారి గురించి ఎంత రాస్తారో, తప్పినవారి గురించి కూడా అంత శ్రద్ధతో రాయాలని నా మనవి. రాష్ట్రంలో ఉత్తీర్ణత 2024లో 91.31 శాతం, 2025లో 92.78 శాతం. నూటికి తొంభై మందికి పైగా గట్టెక్కుతున్నప్పుడు మిగిలిన ఆ ఏడెనిమిది మంది పిల్లలు పడే అవమానం మునుపటికన్నా ఎక్కువ. జూన్‌లో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు ఉంటాయి. ఫీజు గడువు, బడిలో ఎవరిని కలవాలి, ప్రత్యేక తరగతులు ఏ రోజు నుంచి అన్నవి పేర్లు వేయకుండా ఫలితాలు వచ్చిన రోజే ప్రతి ఇంటికీ తెలియాలి. సప్లిమెంటరీలో గట్టెక్కినవారి విజయాన్ని వారి అనుమతితో తరువాతి సంచికలో వేయండి.

ఇంకొక సంగతి మనసులో మెదులుతోంది. తెలంగాణలో కవులు పూజ్యం, అంటే లేనే లేరన్న మాట ఒకటి అచ్చులో వచ్చినప్పుడు, ఈ నగరంలోనే గోలకొండ పత్రికను నడుపుతున్న సురవరం ప్రతాపరెడ్డి గారు 354 మంది కవుల వివరాలను, పద్యాలను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. లేరన్న మాటకు పేర్లతో జవాబు చెప్పారు. ప్రభుత్వ బడిలో ఏముంది అని అడిగేవారికి మీరూ పేర్లతోనే జవాబు చెప్పవచ్చు, మూడు వందల పేర్లతో.


జవాబు: గణిత ఉపాధ్యాయుడు, ఉప్పల్

మేడమ్, పెద్దలు చెప్పిన దానితో ఏకీభవిస్తూనే ఒక విషయం జోడిస్తాను. కొన్ని విజయాలను ప్రకటించి వదిలేస్తే సరిపోదు, వాటి వెంట సమాచారం కూడా వెళ్ళాలి. దీనికి నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ చక్కని ఉదాహరణ. ఎనిమిదో తరగతిలో రాసే ఈ పరీక్ష ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకు మాత్రమే. ఏడో తరగతిలో కనీసం 55 శాతం మార్కులు, ఎస్సీ ఎస్టీ పిల్లలైతే 50 శాతం ఉండాలి, కుటుంబ వార్షికాదాయం 3,50,000 రూపాయలు మించకూడదు. మానసిక సామర్థ్యానికి 90, పాఠ్యాంశాలకు 90 ప్రశ్నలు ఉంటాయి. ఎంపికైనవారికి తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకు ఏటా 12,000 రూపాయలు, అంటే నాలుగేళ్ళలో 48,000 రూపాయలు అందుతాయి.

మా బడిలో మూడేళ్ళ క్రితం నలుగురు ఎంపికయ్యారు. వార్షిక సంచికలో నలుగురి ఫొటోలూ వేసి అందరం సంతోషించాం. మరుసటి సంవత్సరం చూస్తే ఇద్దరికే డబ్బు పడింది. ఒకరికి ఆధార్‌లో పేరు ఒక విధంగానూ బడి రికార్డులో మరొక విధంగానూ ఉంది, మరొకరు రెన్యువల్ దరఖాస్తు చేయలేదు. ఎంపికైతే డబ్బు దానంతట అదే వస్తుందని ఆ తల్లిదండ్రులు అనుకున్నారు; ఏటా జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో రెన్యువల్ చేయించాలని వాళ్ళకు చెప్పినవారు లేరు. ఆ తప్పులో నాకూ భాగం ఉంది. ఇప్పుడు ఎంపికైనవారి వార్త కింద ఒక చిన్న పెట్టె కట్టి, రెన్యువల్ ప్రతి సంవత్సరం చేయాలనీ, ఇంటర్‌లో కొనసాగాలంటే పదో తరగతిలో 60 శాతం, ఎస్సీ ఎస్టీలకు 55 శాతం రావాలనీ, బ్యాంకు ఖాతా పిల్లల పేరుతో ఉండాలనీ వేస్తున్నాం. ఆ పెట్టెను చదివి ఏడో తరగతి తల్లిదండ్రులు కూడా ముందే వచ్చి అడుగుతున్నారు, ఆదాయ ధ్రువపత్రం తెచ్చుకోవడానికి వాళ్ళకు వ్యవధి దొరుకుతోంది.

ఇన్‌స్పైర్ మానక్ (పైన పెద్దలు చెప్పిన అవార్డు) విషయంలోనూ అంతే. ఒక్కో బడి నుంచి ఐదు ఆలోచనల వరకు పంపవచ్చు, ఎంపికైన ఆలోచనకు నమూనా తయారుచేయడానికి 10,000 రూపాయలు వస్తాయి. ఎంపిక కాని ఆలోచనలను కూడా సంచికలో వేయండి. అవి మళ్ళీ మెరుగుపడి మరుసటి ఏడు వెళ్ళవచ్చు. పైగా ఆరో తరగతి పిల్లలు వాటిని చదివితేనే ఆలోచన అంటే రోబో మాత్రమే కాదని తెలుస్తుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. పద్దెనిమిదేళ్ళు నిండనివారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని అందులో ఉంది. సంచిక పీడీఎఫ్ వాట్సాప్ గ్రూపులలోకి వెళ్ళడం ఖాయం కనుక, ఫొటోకూ పేరుకూ సంతకం తీసుకోండి. హాల్‌టికెట్ నంబరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు, ఇంటి చిరునామా ఎట్టి పరిస్థితిలోనూ వేయకండి. తల్లిదండ్రుల పేదరికాన్ని వర్ణించడం కూడా మానాలని నా అభిప్రాయం. "కూలీ బిడ్డ ఘనత" అన్న శీర్షిక మనకు ఉదాత్తంగా తోచవచ్చు గానీ, దాన్ని తరగతిలో నలుగురి ముందు చదివించినప్పుడు మా బడిలో ఒక అబ్బాయి తల దించుకోవడం నేను చూశాను.


జవాబు: పదో తరగతి విద్యార్థి తండ్రి, మలక్‌పేట

మేడమ్ గారూ, అందరి పేర్లూ వేయాలన్న మాట మంచిదే. అయితే ఎక్కువ మార్కులు తెచ్చుకున్న పిల్లల ఫొటోలు తీసేయమని అర్థం వచ్చేలా ఇక్కడ రాస్తుంటే నాకు కష్టంగా ఉంది. నేను ఆటో నడుపుతాను. మా పెద్దవాడు 2024లో పది పాసైనప్పుడు వాళ్ళ బడి వాళ్ళు వేసిన కాగితంలో వాడి ఫొటో వచ్చింది. మా అమ్మ దాన్ని కత్తిరించి ఫ్రేము కట్టించి దేవుడి పటాల పక్కన పెట్టింది. వాడు పరీక్షల ముందు మూడు నెలలు తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి చదివాడు. నేను బండి తీసేటప్పటికి వాడి లైటు వెలుగుతూ ఉండేది. ప్రైవేటు బడి పిల్లల ముఖాలు నగరమంతా కనబడుతున్నప్పుడు మా పిల్లవాడి ముఖం వాడి బడి కాగితంలోనైనా కనబడకూడదా? కథ చదివిన అమ్మాయిని తప్పకుండా వేయండి, దాని కోసం కష్టపడి మార్కులు తెచ్చుకున్నవారిని తగ్గించకండి.

ఇంకొక విషయం. మా పెద్దవాడి రోజుల్లో జీపీఏ ఉండేది కనుక 10కి 10 వచ్చినవారంతా సమానంగా కనబడేవారు. 2025 నుంచి మెమోలో జీపీఏ తీసేసి మార్కులూ గ్రేడులూ ఇస్తున్నారు. ఇప్పుడు 600కు ఒక్క మార్కు తేడాతో ఒకరు ఫొటోలో ఉండి మరొకరు లేకుండా పోతారు. మా చిన్నవాడు ఈ ఏడాది రాశాడు, నాకు ఆ భయం ఉంది. అందువల్ల మొదటి పదిమంది అని కాకుండా ఫలానా మార్కులు దాటినవారందరూ అని పెట్టుకుంటే బాగుంటుందని నా మనవి.


జవాబు: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, నల్లకుంట

అయ్యా, మీరు చెప్పింది న్యాయం. తెల్లవారుజామున నాలుగింటికి లేచిన ఆ మూడు నెలలు కూడా పిల్లవాడు చేసిన పనే. ఫొటో కింద మార్కులతో పాటు ఆ సంగతి కూడా ఒక వాక్యంలో ఉండాలన్నదే నా ఉద్దేశం, ఫొటో తీసేయాలని కాదు. మార్కుల హద్దు పెట్టుకోవాలన్న మీ సూచన మొదటి పదిమంది పద్ధతికన్నా మేలు. ఆ హద్దును ఫలితాలు రాకముందే సిబ్బంది సమావేశంలో నిర్ణయించి మినిట్స్ పుస్తకంలో రాయాలి, లేకపోతే ఎవరో ఒకరి కోసం జరిపారన్న మాట వస్తుంది.


జవాబు: ఆరో తరగతి విద్యార్థిని తల్లి, మూసారాంబాగ్

నాకు చదువు అంతగా రాదు, ఇది మా పాప చేత రాయిస్తున్నాను. మా పాప పేరు పోయిన ఏడు వాళ్ళ బడి కాగితంలో వచ్చింది. ఒక్కరోజు కూడా మానకుండా బడికి వచ్చిన పిల్లల పేర్లు వేశారు, అందులో పాప పేరు ఉంది. మార్కులు మామూలుగానే వచ్చాయి. ఆ రోజు రాత్రి పాప చేత ఆ పేజీ మూడుసార్లు చదివించుకున్నాను, పక్కింటివాళ్ళకూ వినిపించాను. ఆధార్ కార్డులు, రేషన్ కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ కవరులో ఆ కాగితం కూడా పెట్టాను. వానాకాలంలో పాప తమ్ముడికి జ్వరం వచ్చినప్పుడు నేను ఆసుపత్రిలో ఉంటే, పాప తానే అన్నం వండుకుని బడికి పోయింది. అది బడివాళ్ళకు తెలియదు, కానీ పేరు వేసినందుకు నాకు అదంతా తెలిసి వేసినట్టే అనిపించింది.


జవాబు: డీటీపీ పనిచేసే పూర్వ విద్యార్థి, చిక్కడపల్లి

నేను ప్రభుత్వ బడిలోనే చదివి, పద్నాలుగేళ్ళుగా పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, బడి సంచికలు కంపోజు చేస్తున్నాను. మూడు వందల పేర్లు వేయాలనుకుంటే మీకు రాబోయే అసలు కష్టం పేర్లలోనే ఉంది.

బడులవాళ్ళు మాకు పిల్లల పేర్ల జాబితాను ఆన్‌లైన్ రికార్డు నుంచి తీసి ఇస్తారు. అందులో పేర్లు ఇంగ్లీషు అక్షరాలలో ఉంటాయి. వాటిని చూసి తెలుగులో కొట్టేటప్పుడు దీర్ఘం ఎక్కడో, ఒత్తు ఎక్కడో, ణ వస్తుందో న వస్తుందో మాకు తెలియదు. శ్రావణి స్రవని అవుతుంది, ఖదీజా కదిజ అవుతుంది. ఒకసారి ఒక బడి సంచికలో నేనే కొట్టిన పేరు తప్పుగా పడితే, ఆ పిల్ల తన కాపీలో పెన్నుతో దిద్దుకుని ఇంటికి పట్టుకుపోయిందని తరువాత ఆ బడి సారు చెప్పారు. సంవత్సరమంతా ఎదురుచూసిన కాగితంలో సొంత పేరును దిద్దుకోవలసి రావడం చిన్న విషయం కాదు. అప్పటి నుంచి తెలుగులో రాసిన జాబితా తెస్తేనే పని తీసుకుంటున్నాను.

రెండో చిక్కు ఫాంటులది. మీరు ఫోనులో గానీ కంప్యూటరులో గానీ యూనికోడ్‌లో రాసి పంపుతారు, ప్రెస్సులలో ఇప్పటికీ చాలామంది పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే పని చేస్తున్నారు. ఒకదాని నుంచి మరొకదానికి మార్చేటప్పుడు కొన్ని సంయుక్తాక్షరాలు చెదిరిపోతాయి. లక్ష్మి, జ్ఞానేశ్వర్, ఐశ్వర్య వంటి పేర్లను తప్పకుండా ఒకటికి రెండుసార్లు చూడాలి. అందుకని ప్రూఫును ఉపాధ్యాయులు మాత్రమే చూస్తే చాలదు. ప్రూఫు కాగితాలను ఒక రోజంతా నోటీసు బోర్డు మీద అంటించి, పక్కన దారం కట్టిన పెన్సిల్ ఒకటి వేలాడదీసి, ఎవరి పేరు వారే చూసుకుని దిద్దమనండి. నాకు తెలిసి ఇంతకన్నా మంచి ప్రూఫ్‌రీడర్లు లేరు.

నాలుగు పేజీలంటే ఒక ఏ3 కాగితాన్ని మధ్యకు మడవడమే, ఖర్చు పెద్దగా పెరగదు. మూడు వందల పేర్లను తరగతివారీగా మూడు కాలమ్‌లలో వేస్తే ఒక పేజీలో సరిపోతాయి. ఫొటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపకండి, సైజు తగ్గిపోయి అచ్చులో మసకబారతాయి, డాక్యుమెంటుగా పంపండి. మీ బడిలో ఉర్దూ సెక్షన్లు ఉన్నాయన్నారు కనుక నాలుగో పేజీని ఉర్దూకు ఇవ్వండి. ఉర్దూ చదివేవారు కాగితాన్ని కుడివైపు నుంచి తెరుస్తారు కాబట్టి మనకు చివరి పేజీ వాళ్ళకు మొదటి పేజీ అవుతుంది. ఇన్‌పేజ్‌లో ఉర్దూ కంపోజు చేసేవారు పాతబస్తీలో చాలామంది ఉన్నారు; ఆ పేజీ వేరుగా చేయించి పీడీఎఫ్ తెస్తే నేను కలిపేస్తాను.


ప్రశ్న అడిగినవారు: తెలుగు పండితురాలు, అంబర్‌పేట

అందరికీ నమస్కారాలు. రెండు వారాలుగా ఈ పనిలోనే ఉండి జవాబు రాయడం ఆలస్యమైంది, మన్నించండి.

మీ జవాబులన్నీ అచ్చుతీసి సిబ్బంది సమావేశంలో చదివాను. మూసారాంబాగ్ తల్లిగారి మాటలు చదివినప్పుడు మా ప్రధానోపాధ్యాయురాలు కాగితం నా చేతిలో నుంచి తీసుకుని మళ్ళీ తామే చదువుకున్నారు. ఫ్లెక్సీ ఆలోచనను జూన్‌కు వాయిదా వేశారు. ఫలితాలు వచ్చాక, సిబ్బంది నిర్ణయించిన హద్దు దాటిన పిల్లలందరి ఫొటోలతో, అనుబంధంతో పాటు కట్టిద్దామన్నారు. మలక్‌పేట సోదరుడికి ఈ మాట ప్రత్యేకంగా తెలియజేస్తున్నాను. సప్లిమెంటరీ వివరాల కాగితాన్ని ఫలితాల రోజే వాట్సాప్‌లో పంపే పని ఇద్దరు ఉపాధ్యాయులు తీసుకున్నారు.

పక్కవారి గురించి ఒక సంగతి రాయమని ప్రతి తరగతిలోనూ అడిగాం. దాదాపు మూడు వందల చీటీలు వచ్చాయి. ఏడో తరగతి పిల్లలు ఎక్కువమంది ఒకే అబ్బాయి గురించి రాశారు: మధ్యాహ్న భోజనం వేళ ఆరో తరగతి చిన్నపిల్లలను ముందు కూర్చోబెట్టి, వాళ్ళు తిన్నాక గానీ తాను పళ్ళెం పట్టుకోడట. మా ఎవరికీ ఆ సంగతి తెలియదు. ఆ అబ్బాయికి లెక్కల్లో ఎప్పుడూ తక్కువ మార్కులే. లెక్కల మాస్టారే ఆ వార్తను రాస్తానని అడిగి తీసుకున్నారు. అతిథుల ప్రసంగాలను నాలుగు పంక్తులకు కుదించాం. స్కాలర్‌షిప్ రెన్యువల్ పెట్టె రెండో పేజీలో ఉంది. నాలుగో పేజీ ఉర్దూ ఉపాధ్యాయుల చేతిలో ఉంది, వాళ్ళ పిల్లల వార్తలు మా వాటికన్నా బాగున్నాయని కూడా చెప్పాలి.

నిరుడు తొమ్మిదిలో ఉన్న ఆ ఒడిశా అమ్మాయి ఈ మార్చిలో పదో తరగతి పరీక్షలు రాసింది. ఆమె కథ చదివిన సంగతిని ఒక సంవత్సరం ఆలస్యంగానైనా వేయడానికి అనుమతి కోసం తండ్రికి ఫోన్ చేస్తే, మరునాడు పనికి వెళ్తూ ఆయనే అమ్మాయిని బడి దగ్గర దింపి సంతకం పెట్టి వెళ్ళారు. ప్రూఫు కాగితాలు అప్పటికే నోటీసు బోర్డు మీద ఉన్నాయి. ఆ అమ్మాయి తన వార్త మొత్తం చదివి, దారానికి కట్టిన పెన్సిల్ తీసుకుని, తన పేరులో ఏత్వం ఉండవలసిన చోట మేము ఎత్వం వేశామని దిద్దింది. ఆ పేరు రాసింది నేనే. ఆమెకు రెండు కాపీలు కావాలట, ఒకటి ఊరికి పంపడానికి.

సంచిక సోమవారం ప్రెస్సుకు వెళ్తుంది. జూన్‌లో పిల్లలను బడిలో చేర్పించే బడిబాట కార్యక్రమానికి ఇల్లిల్లూ తిరిగేటప్పుడు పంచడానికి రెండు వందల కాపీలు అదనంగా వేయిస్తున్నాం. చిక్కడపల్లి తమ్ముడు ఏ3 కాగితం ఎంత మందం ఉంటే మడత దగ్గర చిరగదో చెబితే ఆ మాట కూడా ప్రెస్సువారికి చెబుతాను.